తూము ఎత్తేది నీరటి: ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు మొదటి కోడ్ మార్పు పంపడం ఎలా

మా చిన్నమ్మ కొడుకు మిర్యాలగూడలో డిగ్రీ చదువుతున్నాడు. మొన్నొక రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు పుల్ రిక్వెస్ట్ పెట్టిన. పదిహేను రోజులైంది, ఒక్కలు కూడా చూస్తలేరు. కొత్తోణ్ణని పక్కన పెట్టిండ్రా?" ఓపెన్ సోర్స్ అంటే ఎవరైనా చదివి, మార్చి వాడుకునేలా బయట పెట్టిన కోడ్. పుల్ రిక్వెస్ట్ అంటే నా మార్పును మీ కోడ్‌లో కలుపుకోండని అడగడం. లింక్ పంపమని తెరిచి చూశాను. వాడు పట్టుకున్న తప్పు నిజమైనదే. కానీ మారిన ఫైళ్లు ముప్పై ఒకటి. అసలు పని ఒక్క ఫైల్‌లో, నాలుగు లైన్లలో ఉంది. మిగతా ముప్పైలో సేవ్ కొట్టినప్పుడల్లా వాడి ఎడిటర్ సింగిల్ కొటేషన్లను డబుల్ చేసి పెట్టింది.

నాకు నవ్వు రాలేదు. నా మొదటి పుల్ రిక్వెస్ట్ కూడా ఇట్లాంటిదే. ట్యాబ్‌లన్నీ స్పేసులు అయిపోయాయి. ఇందులో అసలు మార్పు ఏదో కనబడటం లేదని ప్రాజెక్టును చూసుకునే మెయింటైనర్ ఒక్క వాక్యం రాసి మూసేశారు. రెండు రోజులు ఆ పేజీ తెరవాలంటేనే సిగ్గేసింది.

చెరువు కింద సాగు చేసే ఇళ్లలో పెరిగినవాళ్లకు నీరటి పని తెలుసు. మీ మడి దాకా కాలువ మీరు తీసుకోవచ్చు, పూడిక మీరే ఎత్తుకోవచ్చు. తూము మాత్రం నీరటే ఎత్తాలి. పైన ఒక మడికి నీళ్లు ఎక్కువ పోతే కింద ఎవరి మడి ఎండుతుందో ఆయనకు తెలుసు. మెయింటైనర్ పని కూడా అదే. మీ కోడ్‌ను కలుపుకున్నాక, మీరు దాన్ని మర్చిపోయిన మూడేళ్లకు కూడా మోసేది ఆ మనిషే. చాలాచోట్ల జీతం లేకుండా, రాత్రిపూట, సొంత పని అయ్యాక. ఆ మనిషి మీ మార్పును పది నిమిషాల్లో చదివి నమ్మగలగాలి. కోడ్ రాయడం కంటే ఇదే కష్టం. మా తమ్ముడికి ఫోన్‌లో చెప్పిందంతా దీని గురించే. దాన్నే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఒక మాట. కోడ్ మార్పుల చరిత్రను దాచే 'గిట్' అనే పనిముట్టు కమాండ్లను పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

1. ప్రాజెక్టును ఎంచుకోవడం

పేరున్న ప్రాజెక్టు కోసం వెతకకండి. మీరు రోజూ వాడేదాన్ని, వాడుతూ విసుక్కున్నదాన్ని తీసుకోండి. మా తమ్ముడు తన మినీ ప్రాజెక్టులో నల్లగొండ జిల్లా మండలాల పేర్లు చూపించడానికి ఒక చిన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీ వాడాడు. పేరు పొడవైతే అది ఐదు అక్షరాలకు కోసి మూడు చుక్కలు పెడుతుంది. ఇంగ్లిష్ పేర్లకు బాగానే ఉంది. "దేవరకొండ" మాత్రం "దేవరక…" అయింది, "నల్లగొండ" "నల్లగ…" అయింది. ఆ లైబ్రరీ రాసినవాళ్లకు ఈ తప్పు జన్మలో కనబడదు. మనకు చూడగానే కొడుతుంది. తెలుగు చదవడం వచ్చిన ప్రోగ్రామర్‌కు ఇది పెద్ద పెట్టుబడి. దాన్ని వాడుకోండి.

ప్రాజెక్టు దొరికాక నాలుగు విషయాలు చూడండి. లైసెన్స్ ఫైల్ ఉందా? కోడ్ కనబడినంత మాత్రాన అది ఓపెన్ సోర్స్ అయిపోదు. ఎంఐటీ, అపాచీ 2.0, జీపీఎల్ వంటి లైసెన్స్ ఏదో ఒకటి ఉండాలి. చివరి కమిట్, అంటే కోడ్‌లో నమోదైన మార్పు, ఎప్పటిది? ఈ మధ్య బయటివాళ్ల పుల్ రిక్వెస్టులు ఏవైనా కలిశాయా? అన్నీ ఏడాదిగా పెండింగ్‌లో ఉంటే మీదీ ఆ వరుసలోనే నిలబడుతుంది. చివరిది, 'కాంట్రిబ్యూటింగ్' అనే ఫైల్. దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవండి. చాలామంది చదవరు, చదివినవాళ్లు ఇట్టే తెలిసిపోతారు.

అన్ని ప్రాజెక్టులూ కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లోనే ఉండవని గుర్తుంచుకోండి. వికీపీడియా నడిచే మీడియావికీ, ఆఫీస్ పనులకు వాడే లిబ్రేఆఫీస్ రెండూ గెరిట్ అనే వేరే పద్ధతిలో మార్పులు తీసుకుంటాయి. లినక్స్ కెర్నల్‌కైతే ఇప్పటికీ ప్యాచ్‌లు ఈమెయిల్‌లోనే పోతాయి. గిట్‌ల్యాబ్‌లో పుల్ రిక్వెస్ట్‌ను మెర్జ్ రిక్వెస్ట్ అంటారు. పేరు ఏదైనా సంగతి ఒకటే కాబట్టి గిట్‌హబ్ లెక్కన చెబుతాను.

ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్‌లో ఒక కామా మార్చి పుల్ రిక్వెస్ట్ పంపమని కొందరు సలహా ఇస్తుంటారు. నాకు నచ్చదు. 2020లో, పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్ట్ ఇచ్చే హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో ఆ టీషర్ట్ కోసం వేలాదిమంది ఇట్లాంటి పనికిరాని మార్పులు పంపారు. మెయింటైనర్లు తలలు పట్టుకున్నారు. నిర్వాహకులు నియమాలే మార్చి, ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే పంపాలన్నారు. నిజంగా అర్థం మారిపోయే తప్పు డాక్యుమెంట్‌లో కనిపిస్తే సరే, పంపండి. లెక్క కోసం వద్దు.

2. ఏమీ మార్చకుండా ఒకసారి నడపడం

ఒక్క లైన్ కూడా ముట్టుకోకముందే కోడ్ దించుకుని, బిల్డ్ చేసి (నడిచే రూపానికి తెచ్చి), కోడ్ సరిగ్గా పనిచేస్తోందా అని చూసే టెస్టులన్నీ మీ మెషిన్‌లో నడపండి. ఏమీ మార్చకముందే రెండు టెస్టులు ఫెయిలైతే అవి మీ తప్పు కాదని ఇప్పుడే తెలుస్తుంది. తర్వాత తెలిస్తే రాత్రంతా టెన్షన్.

ఊళ్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద పని చేసేవాళ్లకు పెద్ద ప్రాజెక్టును క్లోన్ చేయడమే, అంటే కోడ్ మొత్తం దించుకోవడమే, గండం. సగంలో తెగితే మళ్లీ మొదటి నుంచి దించాలి. చాలామంది '--డెప్త్ 1' వాడతారు. దాంతో చరిత్ర మొత్తం పోతుంది, ఏ లైన్ ఎందుకు వచ్చిందో చూడలేరు. దానికంటే 'గిట్ క్లోన్ --ఫిల్టర్=బ్లాబ్:నన్' మేలు. కమిట్ల చరిత్ర అంతా వస్తుంది, పాత ఫైళ్లలోని సరుకు మాత్రం అవసరమైనప్పుడే దిగుతుంది. డేటా ఎంతో మిగులుతుంది.

ఈ అడుగుకు ఒక సాయంత్రం పట్టవచ్చు, ఒక వారమూ పట్టవచ్చు. జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ వెర్షన్ కుదరదు, ఏదో ప్యాకేజీ దొరకదు. మీరు ఎక్కడ ఇరుక్కున్నారో రాసి పెట్టుకోండి. సెటప్ సూచనల్లో లోపం ఉందని తేలితే, దాన్ని సరిచేయడమే చాలా మంచి మొదటి మార్పు. కొత్తగా వచ్చినవాళ్లకే కనబడే తప్పు అది. పాతవాళ్లు ఎప్పుడో దాటేసి ఉంటారు.

3. ముందు ఇష్యూ, తర్వాతే కోడ్

ఇష్యూ అంటే ప్రాజెక్టు పేజీలో తప్పు గురించి రాసి పెట్టే ఫిర్యాదు. మనకు దొరికిన తప్పును ఇప్పటికే ఎవరైనా చెప్పారేమో వెతకండి. మూసేసిన ఇష్యూల్లో కూడా వెతకండి. "ఇది కావాలనే ఇలా పెట్టాం" అన్న జవాబు అక్కడే ఉండొచ్చు. లేకపోతే కొత్త ఇష్యూ తెరవండి. ఏం ఇచ్చారు, ఏం వచ్చింది, ఏం రావాలి, ఏ వెర్షన్‌లో అన్న నాలుగు సంగతులు చాలు.

తెలుగు తెలియనివాళ్లకు చెప్పేటప్పుడు ఇంకొంచెం ఓపిక కావాలి. "అక్షరం తెగిపోతోంది" అంటే వాళ్లకు అర్థం కాదు. లెక్క చూపించాలి. "దేవరకొండ" మన కంటికి ఐదు అక్షరాలు: దే, వ, ర, కొం, డ. కంప్యూటర్‌కు మాత్రం ఎనిమిది కోడ్ పాయింట్లు, అంటే అది విడివిడిగా లెక్కపెట్టే గుర్తులు. ఏత్వం ఒకటి, ఒత్వం ఒకటి, సున్న ఒకటి విడిగా లెక్కకు వస్తాయి. లైబ్రరీ ఐదో కోడ్ పాయింట్ దగ్గర కోసింది. అక్కడ 'క' ఉంది, దాని గుణింతం, సున్న అవతల ఉండిపోయాయి. ఈ వాక్యాలను మా తమ్ముడు ఇష్యూలో ఇంగ్లిష్‌లో పెడితే, తెలుగు ఒక్క ముక్క రానివాళ్లకు కూడా తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది.

తప్పు చిన్నదైతే ఇష్యూ, మార్పు ఒకే రోజు పంపినా నడుస్తుంది. కొత్త ఫీచర్ అయితే మాత్రం మెయింటైనర్ 'సరే' అనేదాకా కోడ్ రాయకండి. రెండు వారాలు కష్టపడి రాసింది వాళ్లకు అక్కర్లేదని తెలిస్తే ఆ బాధ వేరు.

4. ఫోర్క్, బ్రాంచ్, తాళంచెవి

ఇది త్వరగా చెప్పేస్తాను, ఎక్కడ వెతికినా దొరికేదే. గిట్‌హబ్‌లో ఫోర్క్ నొక్కితే మీ ఖాతాలో ఒక కాపీ వస్తుంది. దాన్ని క్లోన్ చేయండి. అసలు ప్రాజెక్టును 'గిట్ రిమోట్ యాడ్ అప్‌స్ట్రీమ్' అని, దాని చిరునామా ఇచ్చి కలుపుకోండి. బ్రాంచ్ అంటే అదే కోడ్ మీద పక్కన వేరుగా నడిచే పని దారి. మెయిన్ బ్రాంచ్‌లో ఎప్పుడూ పని చేయొద్దు. 'గిట్ స్విచ్ -సీ' అని కొట్టి, పనిని చెప్పే పేరుతో కొత్త బ్రాంచ్ తీయండి. ఒక్కో మార్పుకు ఒక్కో బ్రాంచ్.

పుష్ చేసేటప్పుడు, అంటే మార్పులు గిట్‌హబ్‌కు పంపేటప్పుడు, పాస్‌వర్డ్ అడిగి, సరిగ్గా కొట్టినా తిప్పి పంపితే కంగారు పడకండి. 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ ఈ పనికి పాస్‌వర్డ్ తీసుకోవడం లేదు. ఎస్ఎస్‌హెచ్ కీ గానీ టోకెన్ గానీ కావాలి. కీ జత తయారు చేసుకుంటే రెండు ఫైళ్లు వస్తాయి. చివర 'డాట్ పబ్' ఉన్నదాన్నే గిట్‌హబ్‌లో పెట్టాలి. రెండోది ఇంటి తాళంచెవి, ఎవరికీ పంపకూడదు. కాలేజీ ల్యాబ్ కంప్యూటర్‌లో అసలే వదిలి రాకూడదు.

ఇంకో జాగ్రత్త. ప్రతి కమిట్‌లో మీ ఈమెయిల్ అందరికీ కనబడేలా నిలిచిపోతుంది. సొంత చిరునామా బయటపడటం ఇష్టం లేకపోతే, గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో దాన్ని దాచే ప్రత్యేక చిరునామా ఇస్తారు. మొదటి కమిట్‌కు ముందే 'గిట్ కాన్ఫిగ్'లో అది పెట్టుకోండి.

5. మార్పు

ఎడిటర్‌లో 'సేవ్ చేయగానే ఫార్మాట్ చెయ్యి' అన్నది ముందు ఆపేయండి, లేదా ప్రాజెక్టు సొంత ఫార్మాటర్‌నే వాడండి. విండోస్ వాడేవాళ్లు లైన్ చివర్ల సంగతి కూడా చూసుకోవాలి. విండోస్ తీరు, లినక్స్ తీరు వేరు. అవి కలిసిపోతే ఒక్క పదం మార్చినా ఫైల్ మొత్తం మారినట్టు కనబడుతుంది. మా తమ్ముడి ముప్పై ఫైళ్ల గోల ఈ జాతిదే.

రాసే ముందు, మీరు మార్చబోయే లైన్ అక్కడికి ఎందుకు వచ్చిందో 'గిట్ బ్లేమ్'తో చూడండి. పేరు నింద వేసినట్టు ఉన్నా, చెప్పేది చరిత్రే. పిచ్చిగా కనబడే లైన్ వెనక ఒక్కోసారి మంచి కారణం ఉంటుంది.

మన ఉదాహరణలో పరిష్కారం నాలుగు లైన్లే. కోడ్ పాయింట్లు లెక్కపెట్టే బదులు, చదివేవాళ్ల కంటికి ఒక్కటిగా కనబడే ముక్కలు లెక్కపెట్టాలి. జావాస్క్రిప్ట్‌లో దానికి 'ఇంటల్ డాట్ సెగ్మెంటర్' ఉంది. అంతే. పక్కనున్న ఫంక్షన్ పేరు మీకు నచ్చకపోయినా ముట్టుకోవద్దు. చెయ్యి దురద పెడుతుంది, నాకూ పెడుతుంది. దానికి వేరే పుల్ రిక్వెస్ట్ పెట్టుకోవచ్చు.

మార్పుతోపాటు టెస్ట్ రాయండి. పాత కోడ్ మీద ఆ టెస్ట్ ఫెయిల్ కావాలి, కొత్త కోడ్ మీద పాస్ కావాలి. రెండూ నడిపి చూడండి. ఫెయిలవడం మీరు కళ్లారా చూడని టెస్ట్‌ను నమ్మకండి.

ఇక్కడ తెలుగుకే ప్రత్యేకమైన ఒక గుంట ఉంది. టెస్ట్‌లో "నల్లగొండ" పెట్టారనుకోండి. అందులో 'ల్ల' ఒక ముక్కా, రెండా? అన్ని లిపుల అక్షరాలకు ప్రమాణమైన యూనికోడ్ పాత నియమాల ప్రకారం పొల్లు దగ్గర తెగి రెండు ముక్కలయ్యేది. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో ఒత్తును విడదీయకూడదనే నియమం చేరింది. అంటే మీ దగ్గర కొత్త నోడ్ ఉంటే నాలుగు ముక్కలు, ప్రాజెక్టువాళ్లు పాత నోడ్ మీద నడిపితే ఐదు. మీ ల్యాప్‌టాప్‌లో పాస్, అక్కడ ఫెయిల్. "దేవరకొండ"లో ఒత్తు లేదు కాబట్టి పాతదైనా కొత్తదైనా ఐదే. టెస్ట్‌కు ఇట్లాంటి పేరు ఎంచుకోవాలి.

6. కమిట్

'గిట్ యాడ్ డాట్' అని అన్నీ ఒకేసారి ఎత్తి పోయకండి. 'గిట్ యాడ్ -పీ' కొడితే ఒక్కో ముక్కా చూపించి "ఇది వేయాలా" అని అడుగుతుంది. బియ్యంలో రాళ్లు ఏరినట్టు. డీబగ్ కోసం పెట్టిన ప్రింట్లు, పొరపాటున మారిన స్పేసులు ఇక్కడే దొరుకుతాయి. ఈ ఒక్క అలవాటు ఉంటే మా తమ్ముడికి ముప్పై ఫైళ్లు పోయేవే కావు.

కమిట్ సందేశంలో మొదటి లైన్ యాభై అక్షరాల లోపు ఉండటం వాడుక. తర్వాత ఒక ఖాళీ లైన్, ఆ తర్వాత కారణం. ఏం మార్చారో కోడ్‌లో కనబడుతూనే ఉంటుంది, ఎందుకు మార్చారో రాయండి. "బగ్ ఫిక్స్" అని రాస్తే రాయనట్టే. "భారతీయ లిపుల్లో గుణింతం మధ్యలో పేరు తెగకుండా చూడటం" అన్న అర్థం వచ్చేలా ఇంగ్లిష్‌లో రాస్తే, మూడేళ్ల తర్వాత 'గిట్ బ్లేమ్' కొట్టినవాళ్లు మిమ్మల్ని తిట్టుకోరు.

కొన్ని ప్రాజెక్టులు సంతకం అడుగుతాయి. కమిట్ చేసేటప్పుడు '-ఎస్' పెడితే కింద 'సైన్డ్-ఆఫ్-బై' అని మీ పేరు, ఈమెయిల్ పడతాయి. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని మీరు చెప్పే మాట అది. లినక్స్ కెర్నల్‌లో 2004లో మొదలైన పద్ధతి. ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, కంపెనీ ఒప్పంద పత్రంలో మీరు రాసిన కోడ్ ఎవరిదని ఉందో చూసుకోండి.

ఏఐతో రాయించుకున్న కోడ్ సంగతి కూడా చెప్పాలి. జెంటూ, నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులు 2024లోనే అలాంటి కోడ్ వద్దని నియమం పెట్టుకున్నాయి. మిగతాచోట్ల ఒప్పుకోవచ్చు, వాడితే చెప్పమని అడగొచ్చు. ముందే చూసుకోండి. నా వరకు ఒకటే కొలత: ఈ లైన్ ఎందుకుందని అడిగితే మీరే జవాబు చెప్పగలగాలి. మళ్లీ ఏఐనే అడిగి అతికించాల్సి వస్తే పంపకండి.

7. పుల్ రిక్వెస్ట్

పుష్ చేశాక గిట్‌హబ్ పేజీలో పుల్ రిక్వెస్ట్ తెరిచే బటన్ వస్తుంది. నొక్కితే వచ్చే పేజీలో, చివరి బటన్ నొక్కే ముందు, కింద కనబడే తేడాల్లో మీ మార్పును పరాయివాళ్లది చదివినట్టు చదవండి. అక్కడ తప్పులు ఎందుకో బాగా కనబడతాయి.

వివరణలో ఇష్యూ నంబర్, ఏం మారింది, ఎలా పరీక్షించారు అన్నవి ఉంటే చాలు. స్క్రీన్ మీద కనబడే తేడా అయితే ముందు, తర్వాత బొమ్మలు రెండు పెట్టండి. "దేవరక…" బొమ్మ పక్కన సరైన బొమ్మ ఉంటే పేజీ వివరణ అక్కర్లేదు. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టి సెలవు చీటీలా రాయనక్కర్లేదు. అవతల ఉన్నది సర్ అని కూడా గ్యారంటీ లేదు. ఇంగ్లిష్ గొప్పగా ఉండాల్సిన పని లేదు. చిన్న వాక్యాలు రాయండి. ఈ రంగంలో చాలామందికి ఇంగ్లిష్ మనలాగే నేర్చుకున్న భాష.

8. తేమ మీటర్

ఐకేపీ సెంటర్‌లో వడ్లకు ముందు తేమ చూస్తారు. 17 శాతం దాటితే కాంటా పెట్టరు, మళ్లీ ఆరబోయమంటారు. ఎవరి వడ్లయినా అంతే. పుల్ రిక్వెస్ట్ పెట్టగానే నడిచే సీఐ అనే ఆటోమేటిక్ తనిఖీ ఆ మీటరే. టెస్టులు, ఫార్మాట్, బిల్డ్ అన్నీ అదే చూస్తుంది. ఎర్ర గుర్తు పడితే ఎవరూ మిమ్మల్ని కోప్పడినట్టు కాదు. లాగ్ తెరిచి మొట్టమొదటి ఎర్రర్ దగ్గరికి వెళ్లండి, చివరిది కాదు. కింద కనబడే యాభై ఎర్రర్లు చాలాసార్లు ఆ మొదటిదాని పిల్లలే. సరిచేసి అదే బ్రాంచ్‌కు పుష్ చేస్తే చాలు, కొత్త పుల్ రిక్వెస్ట్ అక్కర్లేదు.

గుర్తు ఎర్రగా గానీ పచ్చగా గానీ మారకుండా అట్లాగే ఉండిపోతే, కొత్తవాళ్ల మార్పులకు మెయింటైనర్ అనుమతి ఇచ్చాకే టెస్టులు నడిచేలా పెట్టి ఉంటారు. ఆగాలి.

9. రివ్యూ

ఇక్కడే చాలామంది వదిలేసి పోతారు. పన్నెండు కామెంట్లు వస్తే మన పని బాగాలేదని అనిపిస్తుంది. నిజానికి ఒకరు కూర్చుని పన్నెండు చోట్ల ఆలోచించారంటే దాన్ని కలుపుకునే ఉద్దేశం ఉన్నట్టే. ఒక్క కామెంటూ లేకుండా మూసేస్తే అప్పుడు బాధపడొచ్చు.

ప్రతి కామెంట్‌కు జవాబు ఇవ్వండి. మార్చితే "మార్చాను" చాలు. ఒప్పుకోకపోతే కారణం చెప్పండి, ఊరికే తల ఊపకండి. లిపి గురించిన విషయంలో మీకే ఎక్కువ తెలుసు. "ఇంగ్లిష్‌లో పనిచేస్తోంది కదా" అని ఎవరైనా అంటే, మర్యాదగా ఇంకో ఉదాహరణ ఇవ్వండి.

ఈలోపు మెయిన్ బ్రాంచ్ ముందుకు పోయి కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట రెండు మార్పులు ఢీకొనడం) వస్తే 'గిట్ ఫెచ్ అప్‌స్ట్రీమ్', తర్వాత 'గిట్ రీబేస్ అప్‌స్ట్రీమ్/మెయిన్'. రెండోది మీ మార్పులను కొత్త మెయిన్ మీద మళ్లీ పేరుస్తుంది. గందరగోళమైతే 'గిట్ రీబేస్ --అబార్ట్' కొట్టండి, మొదలుపెట్టిన చోటికి వచ్చేస్తారు. తర్వాత పుష్ చేసేటప్పుడు వట్టి '--ఫోర్స్' కాకుండా '--ఫోర్స్-విత్-లీజ్' వాడండి. మీకు తెలియకుండా ఆ బ్రాంచ్‌లోకి ఎవరైనా కమిట్ వేసి ఉంటే అది తుడిచేయకుండా ఆపుతుంది. రివ్యూ మధ్యలో రీబేస్ వద్దనే ప్రాజెక్టులూ ఉన్నాయి. అందుకే ఆ కాంట్రిబ్యూటింగ్ ఫైల్ చదవమన్నాను.

ఎవరూ పలకకపోతే? రెండు వారాలు ఆగి ఒక్క లైన్ రాయండి, ఇంకేమైనా మార్చాలా అని. రోజూ అడగొద్దు, మెయింటైనర్ సొంత ఈమెయిల్‌కు అసలే రాయొద్దు. అప్పటికీ మౌనమే అయితే మీ ఫోర్క్‌లో మార్పు ఉండనే ఉంది. మీ పనికి దాన్నే వాడుకుని ఇంకో ప్రాజెక్టు చూసుకోండి.

మా తమ్ముడు పాత పుల్ రిక్వెస్ట్‌ను తనే మూసేసి, ఒక్క ఫైల్‌తో కొత్తది పెట్టాడు. మూడో రోజు రాత్రి పదింటికి మళ్లీ ఫోన్.

"అన్నా, చూసిండ్రు. టెస్ట్ ఒకటి పెట్టమంటున్నరు. నల్లగొండ అని పెట్టాలె?"

"వద్దురా, దేవరకొండ పెట్టు."